వ్యాపార సర్వర్లకు నమ్మకమైన కోలొకేషన్ డేటా సెంటర్‌ను ఎంచుకోవడం ఎలా

సర్వర్లు మీ సంస్థవి. వాటిని ఉంచే ర్యాకు, నిరంతర విద్యుత్తు, చల్లని గాలి, కాపలా, ఫైబర్ సదుపాయం అద్దెకిచ్చే వారివి. కోలొకేషన్ ఏర్పాటు స్థూలంగా ఇదే. హైదరాబాద్‌లోని ఒక మధ్యతరహా సంస్థ తన కార్యాలయంలోని సర్వర్ గదిని ఎత్తివేసి, పన్నెండు సర్వర్లను నగరంలోని ఏదైనా డేటా సెంటర్‌కు తరలించాలనుకుంటోందని అనుకుందాం. ఆ సంస్థ ఐటీ బాధ్యతలు చూసే మీరు ఏ క్రమంలో పని చేయాలి, ఎక్కడ ఎక్కువసేపు ఆగి పరిశీలించాలి, ఏ కాగితం అడగాలి అన్నది ఇక్కడ చెబుతున్నాను. మీ సంస్థ విజయవాడలోనో విశాఖపట్నంలోనో ఉన్నా ఈ క్రమం మారదు. స్థలానికి సంబంధించిన ప్రశ్నలు మాత్రం కొంత మారతాయి.

డేటా సెంటర్ చూడటానికి వెళ్లినవారికి నిర్వాహకులు చూపించేవి దాదాపు అన్నిచోట్లా ఒక్కటే: మెరిసే నేల, నీలిరంగు దీపాలు, వేలిముద్రతో తెరుచుకునే తలుపులు, గోడమీద వరుసగా వేలాడే ధ్రువపత్రాలు. వీటిని చూసి ఒక కేంద్రానికీ మరో కేంద్రానికీ తేడా చెప్పలేము. ఏదైనా చెడిపోయిన రోజున మాత్రమే ఆ తేడా బయటపడుతుంది. అందువల్ల మీరు అడిగే ప్రతి ప్రశ్నా “ఇది పనిచేయకపోతే ఏం జరుగుతుంది, ఇంతకుముందు పనిచేయనప్పుడు ఏం జరిగిందో రాసిపెట్టిన కాగితం ఉందా” అన్న రూపంలో ఉండాలి.

ముందుగా మీ లెక్క తేల్చుకోండి

ఎవరికీ ఫోన్ చేయకముందే మీ సర్వర్లు నిజంగా ఎంత విద్యుత్తు వాడుతున్నాయో కొలవండి. సర్వర్ వెనుక ఉండే పవర్ సప్లయ్ మీద 750 వాట్లు అని రాసి ఉన్నంత మాత్రాన అది అంత వాడదు. సాధారణ పనిభారంలో అది 250 నుంచి 350 వాట్ల మధ్య తిరుగుతూ ఉండవచ్చు. డెల్ సర్వర్లలో ఐడ్రాక్, హెచ్‌పీ సర్వర్లలో ఐలో అనే నిర్వహణ తెరలు ఈ అంకెను గంటగంటకూ చూపిస్తాయి. కనీసం ఒక నెల రీడింగులు తీసుకోండి. ఆ నెలలో జీతాల రోజు, నెలాఖరు లెక్కలు, రాత్రి బ్యాకప్ నడిచే సమయం తప్పనిసరిగా ఉండాలి.

సర్వర్ ఒక్కింటికి సగటున 300 వాట్లు అనుకుంటే పన్నెండింటికి 3.6 కిలోవాట్లు, రెండు నెట్‌వర్క్ స్విచ్‌లకు 0.3, స్టోరేజ్ పెట్టెకు 0.6 కలిపి మొత్తం 4.5 కిలోవాట్లు అవుతుంది. పేరుపలక మీది అంకెలు కూడి ఉంటే సర్వర్లకే 9 కిలోవాట్లు వచ్చేది. మీరు వాడినా వాడకపోయినా కేటాయించిన విద్యుత్ సామర్థ్యానికి అద్దె కట్టే పద్ధతి చాలాచోట్ల ఉంది కాబట్టి, ఈ తేడా మొత్తం మీ జేబులోంచే పోతుంది. స్థలం సంగతి దీనికంటే సులభం. సాధారణ ర్యాకులో 42 యూనిట్ల ఎత్తు ఉంటుంది, ఒక్కో యూనిట్ 1.75 అంగుళాలు. పన్నెండు సర్వర్లు ఒకే ర్యాకులో సునాయాసంగా పడతాయి. వాటికి విద్యుత్తు, చల్లదనం సరిపోతాయా అన్నదే అసలు ప్రశ్న.

ఈ లెక్కతోపాటే మరో రెండు అంకెలు యాజమాన్యంతో కూర్చుని నిర్ణయించండి: సేవ ఆగిపోతే వ్యాపారం ఎన్ని గంటలు ఓర్చుకోగలదు, ఎన్ని నిమిషాల డేటా పోయినా తిరిగి నమోదు చేసుకోగలదు. ఈ రెండూ తెలియకుండా మొదలుపెట్టిన బేరం ఎప్పుడూ అమ్మేవాడి మాట మీదనే నడుస్తుంది.

స్థలాన్ని కాళ్లతో చూడండి

దక్కన్ పీఠభూమి మీద, సముద్రానికి దూరంగా ఉండటం హైదరాబాద్‌కు కలిసివచ్చిన విషయం. తుపాను నేరుగా తాకదు. భూకంప ముప్పు దేశంలోని మిగతా పెద్ద నగరాలలో చాలా వాటికంటే తక్కువ. అయినా వాననీటి సంగతి మరిచిపోవద్దు. 2020 అక్టోబరు వానలకు నగరంలో చెరువులు తెగి, కాలనీలకు కాలనీలే నీట మునిగాయి. చెన్నైలో 2015 డిసెంబరు వరదలు, విశాఖలో 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపాను, విజయవాడలో 2024 సెప్టెంబరు బుడమేరు ముంపు ఆయా నగరాలలో స్థలం చూసేవారు గుర్తు పెట్టుకోవలసిన సంఘటనలు. భవనం పాత చెరువు శిఖం భూమిలో ఉందా, ముందున్న రోడ్డు కంటే ఎంత ఎత్తులో ఉంది, నాలా ఎటు పోతుంది అన్నవి చుట్టుపక్కల వారిని అడిగినా తెలుస్తాయి. వీలైతే గట్టి వాన కురిసిన మర్నాడు వెళ్లి చూడండి.

భవనం లోపల సర్వర్ హాలు కంటే ముందు సెల్లారు చూపించమనండి. 2012 అక్టోబరులో శాండీ తుపాను న్యూయార్క్‌ను ముంచినప్పుడు అక్కడి ఒక బహుళ అంతస్తుల భవనంలో జనరేటర్లు పైనే భద్రంగా ఉన్నాయి. వాటికి డీజిల్ అందించే పంపులు నేలమాళిగలో ఉండి నీట మునిగాయి. సిబ్బంది, వినియోగదారు సంస్థల ఉద్యోగులు కలిసి 17 అంతస్తుల మెట్లమీదుగా బకెట్లతో డీజిల్ మోసి సర్వర్లను నిలబెట్టారు. జనరేటర్ ఎక్కడుంది అని మాత్రమే అడిగి ఉంటే ఆ లోపం బయటపడేది కాదు. ట్యాంకు, పంపు, దాని స్విచ్‌బోర్డు, చల్లబరిచే నీటి పంపులు, ఫైబర్ లోపలికి వచ్చే గది అన్నీ ఏ అంతస్తులో ఉన్నాయో ఒక్కొక్కటిగా చూడండి.

“టియర్ ఫోర్” అన్న మాట వెనుక ఏ కాగితం ఉంది?

అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ డేటా సెంటర్లను ఒకటి నుంచి నాలుగు టియర్లుగా వర్గీకరిస్తుంది. టియర్ త్రీ అంటే ఏ పరికరాన్నయినా, ఏ విద్యుత్ మార్గాన్నయినా మరమ్మతుకోసం ఆపినా సర్వర్లు ఆగకుండా నడవాలి. టియర్ ఫోర్ అంటే అనుకోకుండా ఏదైనా ఒకటి పాడైనా నడవాలి. మొదటిది ముందుగా అనుకుని ఆపే పనికి హామీ, రెండోది హఠాత్తుగా వచ్చే లోపానికి కూడా హామీ.

అదే సంస్థ మూడు రకాల ధ్రువపత్రాలు ఇస్తుంది. మొదటిది నక్షాలకు, రెండోది కట్టి పూర్తయిన భవనానికి, మూడోది నిర్వహణ తీరుకు. నక్షాలకు వచ్చిన పత్రాన్ని చూపించి భవనానికే వచ్చినట్టు మాట్లాడటం ఈ రంగంలో కొత్త కాదు. 2014 తరువాత ఇచ్చిన నక్షాల ధ్రువపత్రాలకు రెండేళ్ల గడువు ఉంది కూడా. కాబట్టి ఏ పత్రం, ఏ భవనానికి, ఏ సంవత్సరంలో వచ్చిందో అడిగి, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉన్న జాబితాతో సరిచూసుకోండి. టీఐఏ 942 అనేది వేరే సంస్థ ఇచ్చే డేటా సెంటర్ ప్రమాణం. అందులో వాడేది “రేటెడ్” అన్న మాట, టియర్ కాదు. రెండింటినీ కలిపి చెబుతున్నవారిని కొంచెం ఆపి అడగవలసిందే. ఇక “మాది టియర్ త్రీకి సమానం” అన్న వాక్యానికి నేను ఏ విలువా ఇవ్వను. సమానమని ఎవరు తేల్చారన్న ప్రశ్నకు సాధారణంగా జవాబు ఉండదు.

సేవ ఆగకుండా నడుస్తుందని కేంద్రాలు హామీ ఇచ్చే శాతాలను నిమిషాలలోకి మార్చి చదవడం కూడా అలవాటు చేసుకోండి. ఏడాదికి 99.9 శాతం అంటే 8 గంటల 45 నిమిషాల ఆగిపోవడాన్ని మీరు ఒప్పుకున్నట్టే. 99.99 శాతం అయితే దాదాపు 53 నిమిషాలు, 99.995 శాతం అయితే 26 నిమిషాలు.

విద్యుత్ మార్గాన్ని చివరి నుంచి మొదటికి వెతకండి

పరిశీలనలో సగం సమయం దీనికే కేటాయించమని నా సలహా. మీ సర్వర్ వెనుక ఉన్న రెండు ప్లగ్గుల దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క తీగ ర్యాకు పట్టీకి (సర్వర్ల ప్లగ్గులు పెట్టే పవర్ స్ట్రిప్), అక్కడి నుంచి పంపిణీ బోర్డుకు, యూపీఎస్‌కు, ప్యానెల్‌కు, ట్రాన్స్‌ఫార్మర్‌కు, సబ్‌స్టేషన్‌కు ఎలా వెళుతుందో సింగిల్ లైన్ డయాగ్రమ్‌లో (విద్యుత్ మార్గాన్ని గీతతో చూపే పటం) వేలు పెట్టి చూపించమనండి. ఎ, బి అనే రెండు మార్గాలు ఎక్కడ ఒక్కటవుతున్నాయో అదే అసలైన బలహీనత. రెండు ప్లగ్గులూ చివరికి ఒకే యూపీఎస్ మీద ఆధారపడి ఉంటే రెండు మార్గాలు ఉన్నాయన్న మాట పేరుకే మిగులుతుంది. అలాగే బయటి నుంచి రెండు ఫీడర్లు (సరఫరా లైన్లు) వస్తున్నాయంటే అవి రెండు వేర్వేరు సబ్‌స్టేషన్ల నుంచి వస్తున్నాయా, ఒకే సబ్‌స్టేషన్‌లోని రెండు బ్రేకర్ల నుంచి వస్తున్నాయా అని అడగండి.

ఎన్ ప్లస్ వన్ అంటే అవసరమైన వాటికి అదనంగా ఒక యూనిట్. టూ ఎన్ అంటే మొత్తం వ్యవస్థకే పూర్తి జోడు. ఖర్చులో తేడా ఉంటుంది కాబట్టి జనరేటర్లకు ఎన్ ప్లస్ వన్, యూపీఎస్‌కు టూ ఎన్ ఉన్న కేంద్రాలు ఎన్నో ఉన్నాయి, అది తప్పేమీ కాదు. అయితే కేంద్రం సగం నిండినప్పుడు ఎన్ ప్లస్ వన్‌గా ఉన్నది పూర్తిగా నిండిన తరువాత వట్టి ఎన్‌గా మిగిలిపోవచ్చు. ప్రస్తుత లోడు ఎంత, అమ్మిన సామర్థ్యం ఎంత, పూర్తి లోడు మీద లెక్క ఎంత అని మూడు అంకెలూ విడివిడిగా రాయించుకోండి.

బ్యాటరీలు మోయవలసింది కరెంటు పోయిన క్షణం నుంచి జనరేటర్ అందుకునే వరకూ ఉన్న కొద్ది సమయమే. అందుకని పది, పదిహేను నిమిషాల సామర్థ్యం సరిపోతుంది. కానీ ఆ బ్యాటరీలు ఎప్పటివో తెలియాలి. సీసం బ్యాటరీలు మన వాతావరణంలో నాలుగైదేళ్లకు మించి నమ్మదగినవి కావు. ఆఖరిసారి ఎప్పుడు మార్చారు, ఆఖరి డిశ్చార్జ్ పరీక్ష ఫలితం ఏమిటి అన్నవి రికార్డులో ఉండాలి. జనరేటర్ల విషయంలో “ప్రతివారం నడుపుతాం” అన్న సమాధానంతో సరిపెట్టుకోవద్దు. లోడు లేకుండా పది నిమిషాలు తిప్పడం ఒకటి, బయటి సరఫరాను నిజంగా ఆపివేసి భవనం మొత్తం లోడును జనరేటర్ల మీద గంటల తరబడి నడపడం మరొకటి. ఆ రెండో రకం పరీక్ష కిందటిసారి ఏ తేదీన చేశారో, అందులో ఏం తేలిందో నమోదు చూపించమనండి. ఏమీ తేలలేదని ప్రతిసారీ రాసి ఉన్న పుస్తకం కంటే, ఫలానా బ్రేకర్ ఆలస్యంగా స్పందించింది, ఫలానా తేదీన మార్చాం అని రాసి ఉన్న పుస్తకం నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

డీజిల్ నిల్వ పూర్తి లోడు మీద ఎన్ని గంటలకు సరిపోతుందో, సరఫరాదారులతో ఒప్పందం ఉందో లేదో అడగండి. 2020 అక్టోబరు 12న గ్రిడ్ వైఫల్యం వల్ల ముంబయి నగరంలో చాలా భాగం గంటల తరబడి చీకట్లో ఉండిపోయింది. అలాంటి రోజున నగరంలోని ఆసుపత్రులూ, ఇతర డేటా సెంటర్లూ ఒకే ట్యాంకరు కోసం ఫోన్లు చేస్తాయి. నలభై ఎనిమిది గంటల నిల్వ చేతిలో ఉంటే ఆ పోటీలో చేరనక్కరలేదు.

మీవైపు నుంచి చూసుకోవలసింది ఒకటి ఉంది. ఒక మార్గం పోయినప్పుడు రెండో మార్గం మొత్తం లోడును మోయాలి. 230 వోల్టుల దగ్గర 32 ఆంపియర్ల ఫీడ్ (ర్యాకుకు వచ్చే విద్యుత్ లైను) 7.36 కేవీఏ ఇస్తుంది, సర్వర్ల విషయంలో దాన్ని దాదాపు కిలోవాట్లుగానే అనుకోవచ్చు. నిరంతర వాడకానికి అందులో 80 శాతం, అంటే సుమారు 5.9 కేవీఏ మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. మన 4.5 కిలోవాట్లు అందులో ఇముడుతాయి, రెండు మూడు సర్వర్లు పెరిగినా ఇముడుతాయి. అదే ఒక్కో ఫీడ్ మీద నాలుగేసి కిలోవాట్ల చొప్పున ఎనిమిది వేసి, రెండూ దాదాపు సగం ఖాళీగానే ఉన్నాయని సంతోషిస్తే, ఒకటి పోగానే రెండోది తన హద్దు దాటి, దాని బ్రేకర్ కూడా పడిపోవచ్చు.

చల్లదనం, దాని బిల్లు

సర్వర్ ముందువైపు నుంచి లోపలికి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలన్నది శీతలీకరణ ఇంజనీర్ల సంస్థ యాష్రే సిఫారసు. ఈ అంకె ఒప్పందంలో ఉండాలి. కొలిచే చోటు కూడా రాయాలి, ఎందుకంటే హాలు మధ్యలో 22 డిగ్రీలు చూపించే తెర మీ ర్యాకు పైభాగంలో 30 డిగ్రీలు ఉన్న సంగతి చెప్పదు. వేడి గాలి, చల్లగాలి నడవాలు తలుపులతో విడదీసి ఉన్నాయా, ర్యాకుల ఖాళీ స్థానాలను మూతలతో మూశారా అని మీ కళ్లతో చూడండి. వేసవిలో, మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు చిల్లర్లు (నీటిని చల్లబరిచే యంత్రాలు) ఎలా నడిచాయో కిందటేడు రికార్డు అడగండి. హైదరాబాద్‌లో చలికాలం చూసిన కేంద్రం సగమే చూసినట్టు.

చల్లదనం పోతే విద్యుత్తు ఉన్నా సర్వర్లు ఆగిపోతాయి. 2023 అక్టోబరు 14న సింగపూర్‌లోని ఒక డేటా సెంటర్‌లో చల్లబరిచే వ్యవస్థను మెరుగుపరిచే పని జరుగుతుండగా కాంట్రాక్టరు పొరపాటున వాల్వులు మూసివేసే సంకేతం పంపడంతో వేడి పెరిగి, డీబీఎస్, సిటీ బ్యాంకుల సేవలు గంటల తరబడి స్తంభించాయి. యంత్రాల జోడీలు ఎన్ని ఉన్నా మరమ్మతు చేసే చేయి ఒక్కటే. అందుకే మరమ్మతు పనికి ముందు రాసే విధాన పత్రం నమూనా ఒకటి అడిగి చదవండి: ఏ అడుగు ఎవరు వేస్తారు, ఎవరు పక్కన నిలబడి సరిచూస్తారు, తేడా వస్తే ఎలా వెనక్కు వస్తారు అన్నవి అందులో ఉండాలి.

చల్లదనం ఖర్చు మీ బిల్లులోకి పీయూఈ అనే నిష్పత్తి రూపంలో వస్తుంది. భవనం మొత్తం వాడిన విద్యుత్తును సర్వర్లు వాడిన విద్యుత్తుతో భాగిస్తే వచ్చేది ఇదే. మన 4.5 కిలోవాట్లు నెలకు 3,240 యూనిట్లు. నిష్పత్తి 1.6 అయితే మీరు చెల్లించేది 5,184 యూనిట్లకు, 1.4 అయితే 4,536 యూనిట్లకు. యూనిట్‌కు రూ.9 అనుకుంటే నెలకు రూ.5,832, ఏడాదికి దాదాపు రూ.70,000 తేడా. అద్దె తక్కువని చెప్పిన కేంద్రం ఈ ఒక్క అంకెతో ఖరీదైనదిగా తేలవచ్చు. నిష్పత్తిని స్థిరంగా రాస్తారా, ప్రతినెలా కొలిచి వేస్తారా, గరిష్ఠ పరిమితి ఉందా అని అడగండి.

నిప్పు, ఒకే కప్పు

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థకు చెందిన అయిదంతస్తుల డేటా సెంటర్ పూర్తిగా కాలిపోయింది, పక్క భవనం కొంత దెబ్బతింది. బ్యాకప్‌లు కూడా అదే ఆవరణలో ఉంచుకున్న వినియోగదారులకు ఏమీ మిగలలేదు. 2022 అక్టోబరు 15న దక్షిణ కొరియాలోని పాంగ్యోలో బ్యాటరీ గదిలో నిప్పు అంటుకుంటే, దాన్ని ఆర్పడానికి భవనం మొత్తానికి విద్యుత్తు ఆపవలసి వచ్చింది. అక్కడ సర్వర్లు ఉంచిన మెసేజింగ్ సంస్థ కాకావో సేవలు పూర్తిగా కోలుకోవడానికి అయిదు రోజులకు పైగా పట్టింది. 2025 సెప్టెంబరు 26న అదే దేశంలో డేజాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలను తరలిస్తుండగా చెలరేగిన మంటల్లో, వేరే చోట నకలు లేని 858 టెరాబైట్ల ప్రభుత్వ దస్త్రాలు పోయాయి.

ఈ మూడింటినీ దృష్టిలో పెట్టుకుని అడిగితే ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. బ్యాటరీలు సర్వర్ హాలుకు వేరుగా, నిప్పును ఆపే గోడల మధ్య ఉన్నాయా? లిథియం బ్యాటరీలైతే వేడిని ముందే పసిగట్టే ఏర్పాటు ఏమిటి? అగ్నిమాపక దళం వచ్చి విద్యుత్తు ఆపమంటే ఒక్క విభాగాన్నే ఆపగలరా, అంతా ఆపాలా? పొగను గాలిలోంచి పీల్చి గుర్తించే తొలి హెచ్చరిక వ్యవస్థ ప్రతి హాలులో ఉందా? నిప్పును ఆర్పే వాయువు విషయంలో ఒక చిన్న జాగ్రత్త అవసరం. 2016 సెప్టెంబరులో బుకారెస్ట్‌లో ఐఎన్‌జీ బ్యాంకు డేటా సెంటర్‌లో పరీక్షకోసం వదిలిన వాయువు చేసిన పెద్ద చప్పుడుకే హార్డ్ డిస్కులు పాడయ్యాయి. చప్పుడు తగ్గించే నాజిళ్లు అమర్చారేమో కనుక్కోండి.

మీ బ్యాకప్ మరో నగరంలో ఉండాలి. అదే ఆవరణలోని రెండో భవనం మరో స్థలం కిందికి రాదు. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు వెళుతుంది కాబట్టి హైదరాబాద్ నుంచి ముంబయికో చెన్నైకో 700 కిలోమీటర్ల తీగ ఉందనుకున్నా వెళ్లి రావడానికి కనీసం 7 మిల్లీసెకన్లు పడుతుంది. ప్రతి లావాదేవీని రెండుచోట్లా ఒకేసారి రాయడానికి అది ఎక్కువ. కొన్ని క్షణాల తేడాతో నకలు పంపడానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. మొదట్లో యాజమాన్యంతో తేల్చుకున్న ఆ రెండు అంకెలు ఇక్కడ పనికి వస్తాయి.

నెట్‌వర్క్

భవనంలోకి ఎన్ని సంస్థల ఫైబర్ వస్తుందో, మీకు నచ్చిన సంస్థ నుంచి కనెక్షన్ తెచ్చుకోవడానికి అనుమతి ఉందో లేదో ముందు అడగండి. ఫైబర్ రెండు వైపుల నుంచి, రెండు వేర్వేరు మ్యాన్‌హోళ్ల ద్వారా లోపలికి రావాలి. మెట్రో పనికో డ్రైనేజీ పనికో రోడ్డు తవ్వే మన నగరాలలో ఇది చిన్న విషయం కాదు. ఇద్దరు ఇంటర్నెట్ సంస్థలను తీసుకున్నా ఇద్దరూ ఒకే కేబుల్‌లో పోగులు అద్దెకు తీసుకుని ఉండవచ్చు కాబట్టి, మార్గం పటాలు ఇద్దరినుంచీ తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చూడండి. నిక్సీ వంటి, ఇంటర్నెట్ సంస్థలు ఒకదానితో ఒకటి కలిసే ఎక్స్ఛేంజ్‌తో భవనం నుంచే కలిసే వీలుంటే స్థానిక వినియోగదారులకు వేగం పెరుగుతుంది. ర్యాకు నుంచి ఇంటర్నెట్ సంస్థ గదికి వేసే క్రాస్ కనెక్ట్ తీగకు ఒక్కసారి రుసుమా, ప్రతినెలా అద్దెనా అన్నది తప్పక అడగాలి. అద్దె పట్టికలో కనిపించని ఖర్చు ఎక్కువగా ఇక్కడే దాగి ఉంటుంది. సేవలను ఇద్దరు ఇంటర్నెట్ సంస్థల మీదుగా సొంతంగా నడుపుకోవాలంటే దేశంలో ఐపీ చిరునామాలు కేటాయించే ఐఆర్ఐఎన్ఎన్ నుంచి మీ పేరుమీదే వాటిని తీసుకోవడం మంచిది. కేంద్రం ఇచ్చిన చిరునామాల మీద సేవలు నడిపితే, ఖాళీ చేసి వెళ్లేరోజున అవి అక్కడే మిగిలిపోతాయి.

ఎవరు లోపలికి వస్తారు

కాపలా ఎంత గట్టిదో తెలుసుకోవడానికి అందరికంటే మంచి మార్గం మీ సందర్శనే. మీ గుర్తింపు కార్డును నిజంగా చూశారా, ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు రాసుకున్నారా, ఒక్కొక్కరే లోపలికి వెళ్లే జంట తలుపుల దగ్గర మీ వెనుకే మరొకరు దూరితే ఆపారా, ఇతర సంస్థల ర్యాకుల మధ్య మిమ్మల్ని ఒంటరిగా వదిలేశారా అని గమనించండి. మార్కెటింగ్ అధికారి చేయి ఊపితే తలుపులు తెరుచుకునే చోట రేపు మరొకరికీ అలాగే తెరుచుకుంటాయి. సీసీటీవీ దృశ్యాలు ఎన్ని రోజులు ఉంచుతారో, మీ సంస్థలో ఉద్యోగం మానేసిన వ్యక్తి పేరును అనుమతి జాబితా నుంచి ఎంతసేపట్లో తొలగిస్తారో రాతలో ఉండాలి. రాత్రి రెండు గంటలకు డిస్కు మార్చవలసి వస్తే రిమోట్ హ్యాండ్స్ పేరుతో వారి సిబ్బంది చేసే సాయానికి గంటకు ఎంత, ఎన్ని నిమిషాలలో స్పందిస్తారు, ఏ పనులు చేయరు అన్నవి కూడా అడగండి.

ధ్రువపత్రాలలో ఐఎస్‌ఓ 27001 (సమాచార భద్రత ప్రమాణం) ఉందంటే దాని పరిధి వాక్యాన్ని చదవండి. కొన్నిసార్లు అది ప్రధాన కార్యాలయానికే వర్తిస్తుంది, మీరు చేరబోయే భవనానికి కాదు. ఎస్ఓసీ 2 (స్వతంత్ర ఆడిటర్లు ఇచ్చే భద్రతా నివేదిక) అయితే టైప్ 2 నివేదిక కావాలని అడగండి. టైప్ 1 ఒక్క రోజున నియమాలు ఎలా ఉన్నాయో చెబుతుంది, టైప్ 2 కొన్ని నెలలపాటు అవి అమలయ్యాయో లేదో చెబుతుంది. ఆ నివేదికలో మినహాయింపుల భాగం అన్నిటికంటే ముందు చదవదగినది.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం డేటా సెంటర్లు వినియోగదారుల వివరాలను అయిదేళ్లు భద్రపరచాలి, అందువల్ల మీ సంస్థ పత్రాలన్నీ అడుగుతారు. సర్వర్ లాగ్‌లు 180 రోజులు ఉంచడం, సైబర్ ఘటనను ఆరు గంటలలోపు తెలియజేయడం మాత్రం మీ బాధ్యతే. సర్వర్లు వేరేచోట ఉన్నాయన్న కారణం చెల్లదు. వ్యక్తిగత డేటాను కాపాడలేకపోతే 2023 నాటి చట్టం ప్రకారం జరిమానా రూ.250 కోట్ల వరకూ ఉండవచ్చు. రిజర్వు బ్యాంకు పర్యవేక్షణలో ఉన్న సంస్థలైతే, ఐటీ సేవల అవుట్‌సోర్సింగ్‌పై అది ఇచ్చిన ఆదేశాలకు అనుగుణంగా ఆడిటర్లకు, రిజర్వు బ్యాంకుకు తనిఖీ హక్కును ఒప్పందంలో రాయించుకోవాలి.

ఒప్పందాన్ని చివరి పేజీ నుంచి చదవండి

సేవా స్థాయి హామీలో శాతం ఎంత ఉందన్న దానికంటే, ఆ శాతం తప్పితే ఏమిస్తారన్నది ముఖ్యం. సాధారణంగా ఇచ్చేది నెల అద్దెలో కొంత తగ్గింపు. మీ వ్యాపార నష్టానికి దానితో సంబంధం ఉండదు. ఆ తగ్గింపు కూడా మీరు ఇన్ని రోజులలోపు రాసి అడిగితేనే వస్తుందని ఒక చిన్న నిబంధన ఉంటుంది. ఆగిపోవడం అన్న మాటకు నిర్వచనం చూడండి: ఎ, బి ఫీడ్‌లు రెండూ ఒకేసారి పోతేనే లెక్కా, ముందుగా చెప్పి చేసే మరమ్మతు లెక్కలోకి రాదా, “దైవాధీన ఘటనలు” అన్న జాబితాలో గ్రిడ్ వైఫల్యం కూడా చేర్చారా? గ్రిడ్ వైఫల్యాన్ని తట్టుకోవడానికే కదా మీరు అద్దె కడుతున్నది. దాన్ని మినహాయింపుగా ఒప్పుకోవద్దు. మూడు నెలల్లో ఇన్నిసార్లు హామీ తప్పితే జరిమానా లేకుండా ఒప్పందం రద్దు చేసుకునే హక్కు రాయించుకోగలిగితే, అద్దె తగ్గింపు కంటే అది పదిరెట్లు విలువైనది.

ఏటా అద్దె ఎంత శాతం పెరుగుతుంది, లాక్ ఇన్ (మధ్యలో వదిలి వెళ్లలేని గడువు) ఎన్నేళ్లు, పక్కనే మరో ర్యాకు కావాలంటే ఏ ధరకు ఇస్తారు అన్నవి అందరూ చూసేవే. ఎక్కువమంది చూడని నిబంధన ఒకటుంది: బకాయి ఉంటే మీ పరికరాలను నిలిపి ఉంచుకునే హక్కు. బిల్లు మీద వివాదం నడుస్తున్నప్పుడు మీ డేటా ఉన్న డిస్కులు వారి తాళం వెనుక ఉండిపోవడం ప్రమాదం. వివాదంలో ఉన్న మొత్తాన్ని మినహాయించి మిగతాది చెల్లిస్తే పరికరాలు తీసుకువెళ్లవచ్చని స్పష్టంగా రాయించండి. నిప్పుకో నీటికో మీ సర్వర్లు పాడైతే కేంద్రం బాధ్యత చాలా తక్కువ మొత్తానికి పరిమితమై ఉంటుంది కాబట్టి ఎలక్ట్రానిక్ పరికరాల బీమా మీరే తీసుకోండి. స్ట్రాస్‌బర్గ్ ఘటన తరువాత 2023లో ఒక ఫ్రెంచి కోర్టు, బ్యాకప్‌ను కూడా అదే చోట ఉంచినందుకు ఒక వినియోగదారుకు పరిహారం చెల్లించమని ఓవీహెచ్‌ను ఆదేశిస్తూ తీర్పు ఇచ్చింది. కానీ కోర్టుల మీద ఆధారపడి ప్రణాళిక వేసుకోవడం తెలివైన పని కాదు.

సంతకానికి ముందు ఇప్పటికే అక్కడ ఉన్న ఇద్దరు వినియోగదారులతో మాట్లాడండి, కేంద్రం ఇచ్చిన పేర్లే కాకుండా మీకు మీరుగా వెతికి కనుక్కున్న వారితో. “ఎప్పుడైనా ఆగిందా” అని అడిగితే మొహమాటపు జవాబు వస్తుంది. “ఆగినప్పుడు మీకు ముందు ఎవరు ఫోన్ చేశారు, ఎన్ని నిమిషాలకు, కారణాన్ని రాతలో ఎన్ని రోజులకు ఇచ్చారు” అని అడిగితే అసలు సంగతి బయటికి వస్తుంది.

తరలింపు

ఒకేసారి అంతా తరలించకండి. ప్రాముఖ్యం తక్కువ ఉన్న రెండు సర్వర్లను ముందుగా పంపి, కొన్ని వారాలు నడిపి, బిల్లు చూసి తక్కినవి పంపండి. ప్రతి పరికరం సీరియల్ నంబరుతో జాబితా చేసి, డెలివరీ చలాన్ సిద్ధం చేసుకోండి. వేరే రాష్ట్రానికి పంపుతున్నట్లయితే విలువ రూ.50,000 దాటితే అమ్మకం కాకపోయినా ఇ-వే బిల్లు అవసరం. లారీ ఎక్కే ముందు బ్యాకప్ తీయడంతో ఆగకుండా, దాన్ని మరో యంత్రం మీద తిరిగి తెరిచి చూడండి.

సర్వర్లు ర్యాకులో బిగించి తీగలు కలిపిన తరువాత, వినియోగదారులను అటు మళ్లించకముందే కేంద్రం సిబ్బంది సమక్షంలో ఎ ఫీడ్ బ్రేకర్ దించమనండి. అన్ని సర్వర్లూ నడుస్తూనే ఉండాలి, బి ఫీడ్ మీటరు మొత్తం లోడును చూపాలి. తరువాత ఎ పెట్టి బి దించండి. ఒక్క పవర్ సప్లయ్ మాత్రమే ఉన్న పాత స్విచ్ ఏదైనా ఉంటే ఈ పరీక్షలోనే ఆరిపోయి దొరికిపోతుంది. దానికి రెండు ఫీడ్‌ల మధ్య మారే ట్రాన్స్‌ఫర్ స్విచ్ పెట్టించండి. నెట్‌వర్క్ తీగలతో కూడా ఇదే విధంగా ఒక్కొక్కటి పీకి చూడండి. ఆపైన ప్రతినెలా బిల్లులోని యూనిట్లను మీ ర్యాకు పట్టీ మీటరు రీడింగుతో పోల్చి రాసుకోండి, జనరేటర్ పరీక్ష నివేదికను మూడు నెలలకోసారి అడిగి తెప్పించుకోండి. లాక్ ఇన్ గడువు ముగియడానికి ఆరు నెలల ముందు క్యాలెండర్‌లో ఒక గుర్తు పెట్టుకోండి. చాలా ఒప్పందాలలో గడువుకు ముందు నోటీసు ఇవ్వకపోతే అవి వాటంతట అవే పాత షరతులతో, కొత్త ధరతో కొనసాగుతాయి.